గవదల సరం

మొన్న మా మనవడికి చెంపలు వాచాయి. పొద్దున లేచేసరికి ముఖం ఒకవైపు పూరీలా పొంగింది. సాయంత్రానికి రెండోవైపు కూడా అంతే. మా కోడలు హడలిపోయి డాక్టరు దగ్గరికి తీసుకుపోతుంటే నేనూ వెంట వెళ్ళాను. కుర్ర డాక్టరు, మంచివాడే. "గవదబిళ్ళలమ్మా, వైరస్ వల్ల వస్తాయి. వాటంతటవే తగ్గుతాయి. పిల్లవాణ్ణి బడికి మాత్రం పంపకండి" అన్నాడు. లేవబోతుంటే మళ్ళీ ఆపి, "వీళ్ళ నాన్నకు చిన్నప్పుడు వచ్చాయా?" అని అడిగాడు. రాలేదన్నాను నేను. "అయితే ఆయన కొన్నాళ్ళు వేరే గదిలో పడుకుంటే మంచిది. పెద్దయ్యాక మగవాళ్ళకు వస్తే కొందరికి వృషణాలు వాస్తాయి. ఎప్పుడో ఎవరికో పిల్లలు పుట్టడం కష్టమవుతుంది" అన్నాడు.

మా కోడలు తల వంచుకుంది. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్ళలో నీళ్ళూ తిరిగాయి. డాక్టరు కంగారుపడి "ఏమీ భయం లేదు పెద్దమ్మా" అన్నాడు. అతనికేం తెలుసు, నేను భయపడి కాదు. అదే ప్రశ్న ఇంటింటికీ తిరిగి, సిగ్గూ ఎగ్గూ లేకుండా, వీధిలో నలుగురికీ వినబడేంత గట్టిగా అడిగిన మనిషి ఒకామె మా ఊర్లో ఉండేది. ఇంటికి రాగానే మా అబ్బాయిని మేడమీద గదికి తరిమాను. వాడు గొణిగాడు. "నోరు మూసుకోని పోరా" అన్నాను. ఆ గొంతు నాది కాదు, ఆమెదే.

ఆమె మాకు చుట్టం కాదు. పక్కింటామె. మా అమ్మ 'అక్కా' అని పిలిచేది కాబట్టి నాకు పెద్దమ్మ. కళ్యాణదుర్గం నుంచి కుందుర్పి పోయే దారిలో, కొంచెం లోపలికి మా ఊరు. ఎర్రమట్టి, రాళ్ళగుట్టలు, వాన పడితే వేరుశనగ, పడకపోతే కూలికి వలస. పెద్దమ్మ బాగా పొడుగు. దూరపు బావి నుంచి నీళ్ళు మోసీ మోసీ ఒక భుజం కిందికి వాలి ఉండేది. మనిషి కంటే ముందు గొంతు వచ్చేది. కొంగు చివర ఎప్పుడూ ఒక ముడి, ఆ ముడిలో చింతపండు.

చింతపండు ఎందుకంటారా? ఊర్లో ఎవరి పిల్లవాడికి చెంప వాచినా ముందు పెద్దమ్మకే కబురు. వచ్చి, పిల్లవాణ్ణి ఎదురుగా నిలబెట్టి, "నోరు తెరు" అని ఇంత చింతపండు నాలుక మీద పెట్టేది. పులుపు తగలగానే వాడు చెంపలు రెండూ పట్టుకుని కెవ్వుమనేవాడు. "ఆఁ, గవదలే. పంటినొప్పి అయితే ఇట్ల ఎగరడు" అని తీర్మానం చేసి ఇంటికి పోయి సరం తెచ్చేది.

గవదలకు మెడలో బంగారం వేయాలని మా వైపు నమ్మకం. బంగారం ఒంటికి తగిలితే వాపు దిగుతుందంటారు. పెద్దమ్మకు పుట్టింటివాళ్ళు పెట్టిన గుండ్ల సరం ఉండేది, సన్నని బంగారు గుండ్లు దారానికి గుచ్చిన దండ. కరువుల్లో చాలా ఇళ్ళలో బంగారమంతా పోయింది. పెద్దమ్మ ఇంట్లో విత్తనాలకు కటకటలాడిన ఏడు కూడా అది మాత్రం కదల్లేదు. "దీన్ని అమ్మేది ల్యా. దీంతో నాకు పని ఉండాది" అనేదట మొగుడితో. పసుపు గుడ్డలో చుట్టి రాగుల కుండలో దాచేది. ఎవరి చేతికీ ఇచ్చేది కాదు. "నేనే ఏస్తా, నేనే తీస్తా" అనేది. ఊర్లో దానికి 'గవదల సరం' అని పేరు పడిపోయింది.

సరం వేశాక అసలు తతంగం మొదలయ్యేది. నడుం మీద చేతులు పెట్టుకుని వాకిట్లో నిలబడి, "మీ ఇంట్లో మీసాలొచ్చినోళ్ళలో గవదలు రానోళ్ళు ఎవరుండారు?" అని అడిగేది. ఉన్నవాళ్ళను చాపా దుప్పటీ చంకన పెట్టించి కళ్ళం దగ్గరికి తోలేది. కడుపుతో ఉన్నవాళ్ళనయితే ఏ జబ్బున్న ఇంటి గడపా తొక్కనిచ్చేది కాదు, తట్టయినా ఆటలమ్మయినా సరే. మా అన్నకు గవదలు వచ్చినప్పుడు మా చిన్నాయనకు కొత్తగా పెళ్ళయింది. ఆయన ఎదురు తిరిగాడు.

"ఏమొదినా, పిల్లోనికి చెంప వాచితే నేను పోయి కళ్ళంలో పడుకోవాల్నా?"

"పడుకుంటే పడుకో. ల్యాకుంటే నీ పెండ్లాం వాళ్ళమ్మగారింట్లో పడుకుంటాది. ఏది బాగుంటాదో నువ్వే చూసుకో."

ఊరంతా నవ్వింది. చిన్నాయన చాప తీసుకుని పోయాడు.

మగపిల్లల దగ్గర ఇంకో ప్రశ్న. "ఒరే, కింద ఏమన్నా నొప్పిగా ఉండాదా?" మా అన్నకప్పుడు పదేళ్ళో పదకొండో. దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. పెద్దమ్మ వదిలితేనా! "నాతో చెప్పను సిగ్గయితే మీ నాయనతో చెప్పు. నాయనతో చెప్పను సిగ్గయితే నాతో చెప్పు. ఎవురితోనన్నా చెప్పి తీరాల" అని అక్కడే చతికిలబడింది. "ల్యా పెద్దమ్మా, ఏమీ ల్యా!" అని వాడు దుప్పటిలోంచి అరిచేదాకా లేవలేదు. ఆ వాపు తగ్గేవరకూ రోజూ వచ్చి అదే అడిగింది. పాపం, వాడు ఆమె గొంతు వినగానే పశువుల కొట్టంలోకి పారిపోయేవాడు.

ఇంత చేసే మనిషికి ఊర్లో మర్యాద ఉండేదా అంటే, చెప్పడానికే బాధగా ఉంది. పెద్దమ్మకు పిల్లల్లేరు. గొడ్రాలు అన్నారు, వెనకా అన్నారు, ముఖం మీదా అన్నారు. సీమంతాలకు పిలిచేవాళ్ళు కాదు. కోడలు నీళ్ళోసుకుంటే నెలలు నిండుతున్నా ఆమెకు తెలియకుండా దాచేవాళ్ళు, చూపు తగులుతుందని. అదే కోడలికి పుట్టిన పిల్లవాడికి చెంప వాస్తే మాత్రం ఆమె గడప దగ్గరికే పరుగు. పెద్దమ్మ దాన్ని కూడా నవ్వేసేది. "నన్ను పిలవరు గానీ నా సరాన్ని పిలుస్తారు" అని పెద్దగా నవ్వేది. నాకు ఆ వయసులోనే ఒళ్ళు మండేది.

ఒక విచిత్రం ఏమిటంటే, ఆ సరం ఆమె మెడలో నేనెప్పుడూ చూడలేదు. పండగైనా, జాతరైనా, పసుపుతాడూ తాళిబొట్టూ తప్ప బోసి మెడ. "నువ్వు ఏసుకోవా పెద్దమ్మా?" అని ఒకసారి అడిగాను. "నాకు గవదలు వచ్చి పోయినాయిలే పాపా" అని నా నెత్తిన మొట్టికాయ వేసింది.

ఇంకో విచిత్రం మా అన్న పెళ్ళి గురించి ఆమె పడే తొందర. వాడికి పదమూడేళ్ళు కూడా రాకుండానే "మీ వానికి పెండ్లెప్పుడే?" అని అమ్మ వెంట పడేది.

"వానికింకా మూతి మీద వెంట్రుక రాలేదక్కా!"

"వస్తాదిలే. నువ్వు పిల్లను చూసిపెట్టు."

అమ్మ నవ్వుకునేది. మాకెవరికీ అర్థమయ్యేది కాదు.

నాకు అర్థమయిన రోజు, నాకు గవదలు వచ్చిన రోజే. ఆడపిల్ల కాబట్టి కింది నొప్పి ప్రశ్న తప్పింది. చింతపండు మాత్రం తప్పలేదు. రెండు చెంపలూ బిగుసుకుపోయి, నోరు తెరవలేక నడవలో చాప మీద పడుకున్నాను. అమ్మ పక్కనే కూర్చుని చేటలో రాగులు చెరుగుతోంది. పెద్దమ్మ నా మెడలో సరం వేసింది. వేశాక ఎప్పటిలాగా వాకిట్లోకి పోయి మగవాళ్ళను తరమలేదు. గడప మీద కూర్చుండిపోయింది. ఆమె మాట్లాడకుండా కూర్చోవడం మా ఇంట్లో ఎవరూ ఎరగరు. అమ్మే అడిగింది, ఏమైందని.

"మా అత్త మా చెల్లెల్ని అడగను పోతాండాది."

"ఎవురికి?"

"ఎవురికేమి, ఆయప్పకే. గొడ్రాల్ని కట్టుకున్నాడు గదా పాపం. ఇంగొకదాన్ని కట్టుకుంటే పిల్లలు పుడతారంట. మా నాయన కూడా ఊఁ అన్యాడు. ఒకే ఇంట్లో అక్కాచెల్లెండ్లు కలిసి బతుకుతారులే అన్యాడు."

అమ్మ చేట కింద పెట్టింది. పెద్దమ్మ గొంతు తగ్గించి, తనలో తను చెప్పుకుంటున్నట్టు చెప్పింది. "అది వచ్చినా పుట్టరే. నాకు తెల్సు. నాకూ తెల్సు, మా అత్తకూ తెల్సు."

పెళ్ళయిన మొదటి ఏడు, ఆయన అక్కగారి ఊరికి పోయి వచ్చాడట. అక్కడ పిల్లలకు గవదలు. వచ్చాక ఈయనకూ చెంపలు వాచాయి. అత్తగారు కొత్తకోడలి మెడలోని గుండ్ల సరం తీసి కొడుకు మెడలో వేసింది. చెంపలు దిగాయి. చెంపలు దిగీ దిగకముందే కింద వాపు మొదలైంది. జ్వరం, వణుకు, కాళ్ళు దగ్గరికి పెట్టలేక అరుపులు. వారం తర్వాత అదీ తగ్గింది. అంతే, ఆ తర్వాత వాళ్ళకు పిల్లల్లేరు.

"మా అత్త ఆ పొద్దే అనింది. నీ బంగారమే వాపును కిందికి ఈడ్చింది, నీ సరం నా వంశాన్ని మింగింది అని. ఇంట్లో ఆ మాట పడతాండా. ఊర్లో గొడ్రాలనే మాట పడతాండా. రెండూ నేనే పడతాండా."

"ఊర్లో వాళ్ళకు ఉన్న మాట చెప్పొచ్చు గదక్కా!"

"యాడ చెప్పేది? గొడ్రాలనే మాట నాకు అలవాటయింది. ఆయప్పకు అలవాటు ల్యా. నలుగురిలో కూసుంటే నవ్వుతారు. ఆయప్ప తట్టుకోల్యాడు."

ఉన్నట్టుండి అమ్మ ముఖం మారింది. చెయ్యి వచ్చి నా మెడ మీది సరాన్ని పట్టుకుంది.

"అంటే, ఆ సరమా ఇది? మా వానికీ ఇదే ఏసినావు గదే!"

అమ్మ ఆమెను 'అక్కా' అనకుండా మాట్లాడటం నేను వినడం అదొక్కసారే. వేళ్ళు బిగిశాయి. గుండ్లు నా మెడకు ఒరుసుకున్నాయి. నేను నోరు తెరిచి ఏదైనా అందామంటే దవడలు కదిలి చావవు.

పెద్దమ్మ కదల్లేదు. "మొదట ఏసింది మీ వానికే. నేను వద్దంటే వద్దన్యా. ఊర్లో యాడా బంగారం ల్యాదు, పిల్లోడు నొప్పికి అల్లాడతాండాడు అని నువ్వే ఏడిస్తివి. ఏసినాక వాని వాపు తగ్గేదాకా నాకు కూడు దిగలేదు. అందుకే పొద్దున్నే వచ్చి అడుగుతాంటి, కింద నొప్పి ఉండాదా అని. వానికి కిందికి దిగలేదు. మల్ల ఇంగొకరు అడిగిరి. వాళ్ళకూ దిగలేదు. సరానిది తప్పు కాదేమో అని నాకొక ఆశ పుట్టె. ఎవురడిగినా ల్యాదనబుద్ధి కాలేదు. కానీ ఇప్పుడేం తెలుస్తాది? పెండ్లయి బిడ్డ పుడితేనే గదా తెలిసేది. మీ వాడే అందరికంటే పెద్దోడు."

అందుకా పెళ్ళి తొందర! అమ్మ చెయ్యి సరం మీద అలాగే ఉండిపోయింది. లాగి పారేస్తుందేమో అనుకున్నాను. వేళ్ళు మెల్లగా వదులయ్యాయి. "ఉండనీలే అక్కా. అడిగింది నేనే గదా" అంది. ఇద్దరూ ఏడ్చారు. ఆ తర్వాత అమ్మే తేరుకుని, "ముందు ఆయప్పను పిలుచుకోని కళ్యాణదుర్గం పో. డాక్టరుకు చూపిచ్చు. నీ చెల్లెలి గొంతు కోసేదాకా కూసుంటావా?" అని కసిరింది.

వేరుశనగ విత్తనాల కోసమని అత్తకు చెప్పి మొగుడూ పెళ్ళాలు బస్సెక్కారు. పెద్దనాయన ఎలా ఒప్పుకున్నాడో నాకు తెలియదు. మాటకారి కాదు, గొడవలంటే పొలంలోకి పోయి కూర్చునే మనిషి. డాక్టరు ఆయన్ను పరీక్షించి, ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాడట. పెద్ద వయసులో గవదలొస్తే ఒక్కొక్కరికి ఇలా జరుగుతుందనీ, చాలామంది కోలుకుంటారుగానీ ఈయన విషయంలో ఆశ పెట్టుకోవద్దనీ, బంగారం వేసినా వేయకపోయినా వాపు కిందికి దిగేదుంటే దిగుతుందనీ, దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదనీ.

ఆ సాయంత్రం గోడ అవతల నుంచి ఆయన గొంతు మా ఇంట్లోకి వినబడింది. గట్టిగా మాట్లాడగా నేను విన్నది అదే మొదటిసారి.

"అమ్మా, ఆ పిల్ల ఊసు ఇంగ ఎత్తొద్దు. లోపం నాలో ఉండాది. ఇంగొకదాని బతుకు నేను పాడు చేయల్యాను."

ముసలామె ఒకటే ఏడుపు. ఏడుపు మధ్యలో, "ఆ సరమే, ఆ పాడు సరమే" అనే మాట. డాక్టరు చెప్పినా, కొడుకు చెప్పినా ఆమె చెవికెక్కలేదు. చెల్లెలి పెళ్ళి మాత్రం ఆగింది. తర్వాత ఆ అమ్మాయిని వజ్రకరూరు వైపు ఇచ్చారు, పిల్లాపాపలతో చల్లగా బతికింది. ఊరు మాత్రం పెద్దమ్మను గొడ్రాలనడం మానలేదు. నిజం ఆ ఇంటి గోడా మా ఇంటి గోడా దాటలేదు.

"ఇంగేమక్కా, డాక్టరే చెప్పె గదా" అంది అమ్మ. పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. "చెప్పినాడు. శానా బాగా చెప్పినాడు. కానీ మా అత్త మాట నేను దినామూ వింటాండా. డాక్టరు మాట ఒకసారే గదా విన్యాను." నాకు అప్పుడు అదేం మొండితనం అనిపించింది. ఇప్పుడు అనిపించదు. రోజూ చెవిలో పోసే మాట మనిషిని ఎంత తింటుందో నేనూ కోడలిగా బతికాక తెలిసింది.

మా అన్నకు పెళ్ళయింది. ఇక చూడండి తమాషా! ఇద్దరు ఆడవాళ్ళు ఒక పిల్ల కడుపు వైపు చూస్తూ కూర్చున్నారు. మా వదిన బిందె ఎత్తితే చూస్తారు, అన్నం వదిలేస్తే చూస్తారు, పగలు కాసేపు నడుం వాల్చితే చూస్తారు. పెద్దమ్మ అయితే దాపరికం లేకుండా అడిగేసేది, "ఏమమ్మా, ఇంగా ఏమీ ల్యాదా?" అని. వదినకు ఏడుపొచ్చేది. "ఆయమ్మను మనింటికి రానియ్యొద్దత్తా, నా కడుపు మీదే చూపు పెడ్తాది" అనేది. అమ్మ ఏం చెబుతుంది? "మంచిదే, అట్లనొద్దు" అని లోపలికి పోయేది. ఒక ఏడు గడిచింది. రెండో ఏడు నడుస్తోంది. అమ్మ సగమైపోయింది. పెద్దమ్మ మా ఇంటికి రావడమే తగ్గించింది. బావి దగ్గర ఎదురైనా ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళు కాదు. ఆ రోజుల్లోనే ఎవరో పిల్లవాడికి గవదలని సరం కోసం వస్తే, మొట్టమొదటిసారి పెద్దమ్మ లేదని పంపేసిందని విన్నాం.

ఒకరోజు పొద్దున తిరగమాత వాసనకు వదిన పెరట్లోకి పరుగెత్తి వాంతి చేసుకుంది. అమ్మ ఎవరితోనూ అనలేదు. కొన్నాళ్ళు ఆగి మంత్రసానిని పిలిపించింది. మంత్రసాని వదిన చెయ్యి పట్టుకు చూసి, కడుపు తడిమి, నవ్వి తల ఊపింది.

మూడో నెల దాటేదాకా గడప దాటించకూడని మాట అది. అందులోనూ ఊరు గొడ్రాలన్న మనిషికి. మా అమ్మ వినలేదు. చేతికి అంటిన సంగటి పిండి కూడా కడుక్కోకుండా, కొంగు జారుతున్నా చూసుకోకుండా పరుగెత్తింది. వెనకే నేను. పెద్దమ్మ పెరట్లో విత్తనాలకని శనక్కాయలు వలుస్తోంది.

"అక్కా! నీళ్ళోసుకుందక్కా! మా కోడలు నీళ్ళోసుకుంది!"

పెద్దమ్మ చెయ్యి ఆగిపోయింది. "నిజంగానా?" అంది. ఊరంతా వినబడే ఆ గొంతు పీలగా వచ్చింది.

"మంత్రసాని చూసి చెప్పింది. నీ మీద ఒట్టు."

పెద్దమ్మ లేచి లోపలికి పోయింది. రాగుల కుండలో చెయ్యి పెట్టి పసుపు గుడ్డ తీసింది. మూట విప్పి సరాన్ని ఒళ్ళో పెట్టుకుని, నేల మీద కూలబడి, గుండెలు బాదుకుని ఏడ్చింది. "నా సరం కాదు. నా సరం కాదే చెల్లీ. నేను కాదు." అదొకటే మాట, మళ్ళీ మళ్ళీ. మూల మంచం మీద కూర్చున్న అత్తగారు విన్నది. ముఖం గోడ వైపు తిప్పుకుంది. పెద్దమ్మ ఆ వైపు చూడను కూడా లేదు.

వదిన సీమంతానికి అమ్మ పక్కింటికి స్వయంగా కుంకుమ తీసుకుని వెళ్ళింది. చుట్టాల్లో ముసలివాళ్ళు గుసగుసలాడారు. "ఏమే, తెలిసే పిలిచినావా?" అని మా మేనత్త అడిగింది. "తెలిసే పిలిచినా" అంది అమ్మ. మొదటి గాజు పెద్దమ్మ చేతనే తొడిగించింది. వదినకు కారణం తెలియదు, అయినా అత్త ముఖం చూసి చెయ్యి చాపింది.

పెద్దమ్మ ఆ రోజు పెట్టెలోని పెళ్ళినాటి చీర కట్టుకుని వచ్చింది. మెడలో గుండ్ల సరం ఉంది. ఊర్లో ఎంతమంది పిల్లల మెడల్లో చూశానో ఆ సరాన్ని! ఆమె మెడలో చూడటం అదే మొదలు. వాలిన భుజం మీదికి కొంచెం జారితే సర్దుకుంటూ, కొత్తకోడలిలా తడబడుతోంది.

పెద్దనాయన మా అరుగు మీద మగవాళ్ళతో కూర్చుని ఉన్నాడు. పెద్దమ్మ ఒడిలో పసుపు కుంకుమలతో బయటికి రాగానే లేచి నిలబడ్డాడు. ఆమె మెడ వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏసుకున్నావా?" అన్నాడు.

"ఏసుకున్నా. ఏమి, బాగలేదా?"

"బాగుండాది" అన్నాడాయన. కండువాతో కళ్ళు తుడుచుకుని, చెప్పులు వేసుకుని, ఆమె పక్కనే నడిచి ఇంటికి పోయాడు.